రేగడి సాక్ష్యం

ఎండలు ముదిరితే రాయచూరు జిల్లా అరకేర చుట్టుపక్కల నల్లరేగడి చేలు నెర్రెలు విచ్చుతాయి. వానలు పడగానే ఉబ్బి మూసుకుంటాయి. దీనికి మూలం స్మెక్టైట్ అనే ఖనిజం. దాని పొరల మధ్యకు నీరు చేరితే పొరలు ఎడమవుతాయి, ఆరితే దగ్గరపడతాయి. బంగాళాఖాతం అడుగున పేరుకున్న బురద ఏ నది తెచ్చిందో పట్టిచ్చేదీ ఈ గుణమే.

బురద మూలాన్ని తేల్చే ఈ పనిలో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది ఎదురుచూడటం. బురదలోని సున్నాన్నీ సేంద్రియ పదార్థాన్నీ తీసేసి, నీళ్లలో కలిపి కదలకుండా ఉంచుతాం. 20 డిగ్రీల నీటిలో 2 మైక్రాన్ల రేణువు 10 సెంటీమీటర్లు దిగడానికి దాదాపు 8 గంటలు పడుతుంది. ఆ తర్వాత పైనున్న 10 సెంటీమీటర్ల నీటిలో మిగిలేది సన్నని బంకమన్నే. ఇక్కడ తొందరపడితే ఆ తర్వాతి లెక్కలన్నీ చెడతాయి. ఆ మన్నును గాజు పలక మీద ఆరబెట్టి ఎక్స్-కిరణాలు ప్రసరిస్తే స్మెక్టైట్ పొరల ఎడం 14-15 ఆంగ్‌స్ట్రాంల దగ్గర కనిపిస్తుంది. గ్లైకాల్ ఆవిరి పట్టిస్తే ఉబ్బి 17కు చేరుతుంది. ఇల్లైట్ అనే మరో ఖనిజం మాత్రం 10 దగ్గర కదలకుండా ఉంటుంది.

హిమాలయాల నుంచి గంగా బ్రహ్మపుత్రలు తెచ్చేది ఎక్కువగా ఇల్లైట్, క్లోరైట్. దక్కను బసాల్టు నేలల మీదుగా వచ్చే కృష్ణా గోదావరుల వాటా స్మెక్టైట్.

అయితే అరకేర ప్రాంతపు అడుగు రాయి బసాల్టు కాదు, అంతకన్నా ఎంతో పాతదైన నైస్. ఆ రాతి మీద కూడా రేగడి ఏర్పడుతుంది. కాబట్టి స్మెక్టైట్ కనబడగానే బసాల్టు మన్ను అని తీర్పు చెప్పడం తప్పు. మూల రాతిని బట్టి మారే నియోడిమియం ఐసోటోపుల వంటి రెండో సాక్షి కావాలి. 2006లో జోయిడెస్ రిజల్యూషన్ అనే పరిశోధన నౌక గోదావరి ముఖద్వారానికి ఎదురుగా, సముద్రం అడుగున తీసిన నిలువు మట్టి నమూనాలో (కోర్) ఆ ఐసోటోపులే దక్కను నేల కోత గత కొన్ని వేల ఏళ్లలో బాగా పెరిగిందని చూపాయి. వాతావరణం పొడిబారడం, అడవి పోయి సాగు పెరగడం కారణాలని పరిశోధకుల అంచనా.

ఇప్పుడు కృష్ణ మోసుకొచ్చే మట్టిలో చాలాభాగం సముద్రం చేరడం లేదు. నారాయణపుర నుంచి నాగార్జునసాగర్ దాకా జలాశయాల్లోనే ఆగిపోతోంది. అక్కడ పొరలుగా పేరుకున్న ఆ పూడికను కదిపితే ఏ పొర ఏ ఏడాదిదో ఇక తెలియదు. అందుకే సాగునీటి శాఖలకు నా విన్నపం: పూడికతీత ఎప్పుడు తలపెట్టినా, ముందుగా పైనుంచి అడుగుదాకా ఒక నిలువు నమూనా తీయించండి. చోటు, తేదీ రాసి దాన్ని భద్రపరచండి.