బొంత బరువు నేలదే

బొంత ఎంత మందమని అడిగితే తెలంగాణ ఇళ్ళలో లెక్క చీరల్లోనే వస్తుంది. మూడు చీరల బొంత, ఐదు చీరల బొంత. కట్టి కట్టి మెత్తబడిన నూలు చీరలూ పంచెలూ పొరలుగా పరిచి, పైనా కిందా కాస్త గట్టిగా ఉన్నవి వేసి, ఈ అంచు నుంచి ఆ అంచుదాకా దారం నడిపించడమే పని. ఒక్కో చీర అరకిలో వేసుకున్నా ఐదింటికి రెండున్నర కిలోలు. అంత బరువు ఒళ్ళో పెట్టుకుని పొద్దంతా కుడితే మెడా భుజాలూ మణికట్టూ మూడూ మొరాయిస్తాయి. బొంత కుట్టేవాళ్ళు అసలు దాన్ని ఒళ్ళోకి తీసుకోరు. ఆ బరువును నేలకు వదిలేస్తారు.

పట్నంలో బొంతకు క్విల్ట్ అని పేరొచ్చాక, నలుగురూ ఒకచోట చేరి రెండు మూడు రోజులు కుట్టుకునే శిబిరాల సరదా కూడా వచ్చింది. సికింద్రాబాద్ వాళ్ళకు సరుకు వెతుక్కునే బాధ లేదు. జనరల్ బజార్‌లో అడుగుపెడితే కట్‌పీసులు, లేసులు, లైనింగు గుడ్డ అన్నీ ఒకే వరసలో దొరుకుతాయి. చిక్కంతా సంచులు నింపుకుని వచ్చి కూర్చున్నాకే. మొదటి రోజు ఉత్సాహంగా కుట్టినవాళ్ళు రెండో రోజు నడుం పట్టుకుని తిరుగుతుంటారు.

పాతకాలపు పద్ధతి ఒకసారి దగ్గరగా చూడాలి. బొంతను చాపమీద పరిచి, ముడతలు అరచేత్తో సర్ది, జానెడు జానెడు దూరంలో పెద్ద పెద్ద టాకాలు వేస్తారు. పొరలు జరక్కుండా పట్టి ఉంచేది అదే. దీనికి బద్ధకిస్తే తర్వాత వరస వరసకీ వంగి సర్దుకోవాలి, నడుం నొప్పి సగం అక్కడే మొదలవుతుంది. ఆ తర్వాత కుట్టే మనిషి బొంతమీదే కూర్చుంటుంది. ఒక కాలు మడిచి, రెండో మోకాలు పైకి లేపి, దానికి మోచేయి ఆనించుకుంటుంది. వరస సాగేకొద్దీ తనే జరుగుతుంది, గుడ్డను తనవైపు లాక్కోదు. జరిగినప్పుడల్లా కాలు మారుతుంది కాబట్టి తిమ్మిరెక్కే వ్యవధే ఉండదు. ‘జర జరుగక్కా’ అంటూ పక్కామె వచ్చి కూర్చుంటే ఆ చివర ఆమెది, ఈ చివర ఈమెది.

ఇక సూది. ఎడమచేతి వేళ్ళతో గుడ్డను కొద్దిగా మడతలా లేపి, సూదిని ఏటవాలుగా దించి, మొనమీదే మూడు నాలుగు కుట్లు ఎక్కించి ఒక్కసారే లాగుతారు. ఒక్కో కుట్టుకీ లాగితే చేతికి నాలుగింతల పని. మందంగా ఉన్నచోట సూదిని నెట్టడానికి దర్జీల అంగుస్తానా, లాగడానికి చిన్న సైకిల్ ట్యూబు ముక్క చాలు. దారం మాత్రం మూరన్నర దాటకూడదు. పొడుగ్గా తీసుకుంటే మాటిమాటికీ ఎక్కించే పని తప్పుతుందని ఆశపడతాం. కానీ ప్రతి లాగుకీ చెయ్యి భుజం దాటి వెనక్కి పోతుంది, దారం పురి తిరిగి ముడిపడుతుంది. నలభై దాటిన కళ్ళకు ఒక ఉపాయం: పొద్దుటి వెలుతురులోనే పది సూదులకు దారం ఎక్కించి దిండుకు గుచ్చి పెట్టుకోవడం.

ఉత్తర కన్నడ జిల్లాలోని సిద్ది స్త్రీలు కూడా నేలమీదే తమ బొంతలు కుడతారు. అంచుల దగ్గర మొదలుపెట్టి లోపలికి చుట్టుకుంటూ పోతారు. పాత అమెరికా ఇళ్ళలో గుడ్డను చెక్క చట్రానికి బిగించి, చట్రాన్ని తాళ్ళతో ఇంటి కప్పుకు వేలాడదీసేవారు. పని లేనప్పుడు పైకి లాగేసేవారు. మోసేది ఇక్కడ నేల, అక్కడ కప్పు. మనిషి ఒంటిమీద భారం పడనివ్వకపోవడం మాత్రం రెండుచోట్లా ఒకటే.

మిషన్ దగ్గరికి వచ్చేసరికి ఈ తెలివి మరిచిపోయాం. పాత కాలిమిషన్‌లో తల బల్లలోకి దిగి ఉంటుంది, కుట్టే చోటూ బల్లా ఒకే మట్టం. ఇప్పటి చిన్న కరెంటు మిషన్‌ను భోజనాల బల్లమీద పెడితే కుట్టే చోటు ఇంకో మూడు నాలుగు అంగుళాలు పైకి లేస్తుంది, దాంతోపాటు మన భుజాలూ చెవులదాకా లేస్తాయి. మోచేయి లంబకోణంలో ఉండేలా కుర్చీ ఎత్తు పెంచుకోవాలి. మడతపెట్టిన బొంతే వేసుకోవచ్చు, అంతకన్నా మంచి మెత్త లేదు! పాదాలు నేలకు అందకపోతే కింద పీట. ఎడమపక్కన మరో బల్ల చేరిస్తే గుడ్డ జారి వేలాడదు. వేలాడే గుడ్డ సూదిని పక్కకు లాగుతుంది, దాన్ని ఆపడానికి మణికట్టు బిగుస్తుంది, సాయంత్రానికి వేళ్ళు వంగవు. ఇస్త్రీపెట్టెను చేతికందేంత దగ్గర పెట్టుకోకపోవడమే మేలు. లేచి నాలుగడుగులు వేయడానికి అంతకన్నా మంచి సాకు దొరకదు. గుడ్డ కత్తిరించేది కూడా నిలబడే, నడుమెత్తు బల్లమీద.

మోకాళ్ళు సహకరించనివాళ్ళను నేలమీద కూర్చోమనడం దౌర్జన్యం. వాళ్ళకు పెద్ద బల్లే నేల. బొంత మొత్తం దానిమీద పడేలా పరిచి, నలుగురు నాలుగు వైపులా కుర్చీలేసుకుని, గంటకోసారి చోట్లు మార్చుకుంటే సరిపోతుంది.

శిబిరానికి డబ్బు కట్టే ముందు జనం భోజనాల గురించే అడుగుతారు. అడగాల్సినవి వేరే ఉన్నాయి. హాల్లో నేలమీద పరుచుకునేంత ఖాళీ ఉందా, పక్క బల్ల ఇస్తారా, కుడిచేతివాటం వాళ్ళకు వెలుతురు ఎడమనుంచి పడేలా కిటికీవైపు చోటు దొరుకుతుందా అని.