ముక్కలు కాని ఎలక్ట్రాన్: లాఫ్లిన్ సమష్టివాద పరిశీలన

1. ఉపోద్ఘాతం:

1982లో డేనియల్ ట్సూయ్, హార్స్ట్ స్టార్మర్, ఆర్థర్ గోసార్డ్‌లు ఒకే తలంలో చలించే ఎలక్ట్రాన్లను అతిశీతల స్థితిలో, తీవ్రమైన అయస్కాంత క్షేత్రంలో ఉంచి పరీక్షించారు. హాల్ నిరోధం 25,812.8 ఓమ్‌ల ప్రాథమిక విలువకు మూడు రెట్ల వద్ద మెట్టులా నిలిచింది. పరస్పరం వికర్షించుకునే ఎలక్ట్రాన్లు సంపీడనానికి లొంగని క్వాంటం ద్రవంగా మారుతాయనీ, అందులోని ఉత్తేజాలు ఎలక్ట్రాన్ ఆవేశంలో 1/3 వంతును మోస్తాయనీ 1983లో రాబర్ట్ లాఫ్లిన్ వివరించారు. ప్రకృతి నియమాలు సమష్టి వ్యవస్థీకరణ నుండి పుడతాయన్న వాదాన్ని ఆయన 'ఎ డిఫరెంట్ యూనివర్స్' (2005) గ్రంథంలో విస్తరించారు. ఆ వాదపు బలాబలాల పరిశీలనే ఈ వ్యాసోద్దేశం.

2. పదౌచిత్యం:

'ఎలక్ట్రాన్ మూడు ముక్కలైంది' అనడం దోషం. ద్రవం నుండి వెలికి తీస్తే లభించేది పూర్తి ఎలక్ట్రానే. భిన్నావేశం సమూహపు ధర్మం. అలాగని అది కల్పనా కాదు. 1997లో ఫ్రాన్స్, ఇజ్రాయెల్ పరిశోధకులు విద్యుత్ ప్రవాహపు ఒడుదొడుకులను కొలిచి దానిని నిర్ధారించారు. అందుచేత 'ఆభాసకణం' అనే అనువాదం తగదు. రసాభాస, హేత్వాభాసలలోని మిథ్యార్థం దానికి అంటుకుంటుంది. 'సమష్టికణం' ఉచితమని ఈ వ్యాసకర్త అభిప్రాయం.

3. పానకరసన్యాయం – పరిమితి:

విడి ద్రవ్యాలలో లేని రుచి పానకంలో పుట్టినట్లు విభావాదుల కలయికతో రసం నిష్పన్నమవుతుందని ఆలంకారికులు చెప్పారు. ఈ న్యాయం ఇక్కడ కొంతవరకే అన్వయిస్తుంది. బెల్లం పాళ్లు మారితే పానకం రుచి మారుతుంది. నమూనాలోని మలినాలు కొంత మారినా మెట్టు విలువ మారదు. పైగా ఆ మలినాల వల్లనే మెట్టుకు వెడల్పు వస్తుంది. అపరిశుద్ధత నడుమ ఇంతటి కచ్చితత్వం సమష్టి నుండే రాగలదన్నది లాఫ్లిన్ వాదంలో అత్యంత బలమైన అంశం.

4. వాదంలోని లోపం:

అయితే, అంశాల నియమాల నుండి సమష్టి నియమాలను రాబట్టలేమనడం వేరు. అంశాలు అప్రధానమనడం వేరు. లాఫ్లిన్ వాదధోరణి పలుచోట్ల ఈ భేదాన్ని చెరిపివేస్తుంది. ఆయన 1983 నాటి తరంగ ప్రమేయమే దీనికి ప్రత్యుదాహరణ. అందులోని ఘాతం 3. అది బేసిసంఖ్య కావలసి రావడానికి కారణం ఎలక్ట్రాన్లు ఫెర్మియాన్లు కావడమే. ఏ రెండింటిని తారుమారు చేసినా ప్రమేయం గుర్తు మారాలి. అంటే వ్యష్టి స్వభావమే సమష్టి రూపానికి హద్దులు గీసింది.

5. ముగింపు:

లాఫ్లిన్ గ్రంథం కంటే ఆయన సమీకరణమే సమతుల్యమైన తత్త్వాన్ని చెబుతున్నది. తెలుగులో విజ్ఞానరచన చేసేవారు ఈ విషయాన్ని బోధించేటప్పుడు 'ముక్క', 'ఆభాస' అనే పదాలను విడిచిపెట్టడం అవసరం. అనువాదంలో జరిగిన పొరపాటు ఇక్కడ సిద్ధాంతాన్నే తారుమారు చేస్తుంది.