రంపపు ముక్కు: గుణదోష విచారణ

కావ్యమునకు గుణదోష విచారణ జరుగును గాని పనిముట్టునకు అట్టి విచారణ అరుదు. "పాతకాలపు సరకు గట్టిది" అని ఒకరందురు. "కొత్తదే మేలు" అని వేరొకరందురు. రెండును విమర్శలు కావు, అభిమానములు. గొలుసు రంపమునందలి ముక్కు ఈ రెండు అభిమానములను పరీక్షింపదగిన చక్కని వస్తువు.

గొలుసు రంపములో పండ్లు గల గొలుసు ఒక పొడవైన ఉక్కు పట్టీ అంచునగల గాడిలో పరుగెత్తును. ఈ పట్టీనే గైడ్ బారు అందురు. ఇంజనువైపు గొలుసును పండ్ల చక్రము త్రిప్పును. రెండవ కొన వద్ద గొలుసు అర్ధవృత్తముగా మలుపు తిరిగి వెనుకకు రావలెను. ఆ కొనయే ముక్కు.

1926లో జర్మనీలో ఆండ్రియాస్ స్టీల్ విద్యుత్తుతో నడచు గొలుసు రంపమును నిర్మించెను. దానిని మోయుటకు ఇద్దరు మనుష్యులు కావలసివచ్చిరి. 1927లో ఎమిల్ లెర్ప్ పెట్రోలు రంపమును డోల్మార్ కొండపై పరీక్షించెను. 1946లో అమెరికాలోని ఆరెగాన్‌లో జోసెఫ్ కాక్స్, కొయ్యను తొలుచు పురుగు దవడలను చూచి, నేటి గొలుసు పంటికి మూలమైన రూపమును కనిపెట్టెను. పన్ను మారినది, ఇంజను తేలికయైనది. కాని ముక్కు ప్రశ్న మిగిలియేయున్నది: అంత వేగముతో పోవు గొలుసును త్రిప్పుట ఎట్లు?

మొదటి జవాబు గట్టి ముక్కు. ఇందు తిరుగు భాగమేదియు లేదు. గొలుసు ఉక్కు అంచుపై రాచుకొనుచు పోవును. అరుగుదల తగ్గించుటకు అంచున కోబాల్టు, క్రోమియముల మిశ్రమమైన స్టెల్లైటును పోతపోయుదురు. దీని గుణము నిరాడంబరత. విరుగుటకు బేరింగు లేదు, దుమ్ము చొరబడుటకు సందు లేదు. దీని దోషము ఘర్షణ. బావిపై గిలక లేక ఉత్త దూలముపై చేదతాడు లాగినవారికి ఈ దోషమెట్టిదో తెలియును.

ఇచట ఒక అపోహను ఖండింపవలెను. "ముక్కు పెద్దదైనచో ఘర్షణ తగ్గు"నని పలువురు తలచుదురు. కదలని వంపుపై జారు తాడునకు రెండువైపులనుండు తన్యతల నిష్పత్తి, ఘర్షణ గుణకముపైనను, చుట్టిన కోణముపైనను ఆధారపడును. ఆ సూత్రములో వ్యాసార్ధము లేనేలేదు! అర్ధవృత్తమునకు గుణకము 0.1 అయినచో నిష్పత్తి సుమారు 1.37, నూనె చాలక గుణకము 0.2 అయినచో 1.87. కావున ఘర్షణను తగ్గించునది ముక్కు పరిమాణము కాదు, కందెన. పెద్ద ముక్కువలన కలుగు నిజమైన లాభము వేరు: ఒత్తిడి ఎక్కువ నిడివిపై పంచబడును గనుక అంచు నెమ్మదిగా అరుగును.

వేగమునుకూడ లెక్కింపవలెను. గొలుసు సెకనుకు 20 మీటర్ల వేగముతో 3 సెంటీమీటర్ల వ్యాసార్ధముగల ముక్కును చుట్టివచ్చినచో, అభికేంద్ర త్వరణము భూమ్యాకర్షణ త్వరణమునకు సుమారు 1,350 రెట్లగును. గొలుసు మీటరుకు 300 గ్రాములు తూగుననుకొన్నచో, 120 న్యూటనుల తన్యత దానిని వంపు త్రిప్పుటకే ఖర్చగును. అంతకు మించిన తన్యతయే ముక్కును నొక్కును.

రెండవ జవాబు రోలరు ముక్కు. కొనయందు పెద్ద చక్రమొకటి గొలుసును అంచునుండి ఎత్తి మోయును. అనగా దూలమునకు బదులు గిలక వచ్చినది. జారు ఘర్షణ పోయి దొర్లు ఘర్షణ మిగిలినది. కాని పట్టీకిని చక్రమునకును నడుమ సందున్నది. ముక్కును కొయ్యలోనికి నేరుగా గ్రుచ్చి కోయుటకు ఇది తగదు.

మూడవ జవాబు పండ్ల చక్రపు ముక్కు. పట్టీ రేకుల నడుమ పలుచని నక్షత్రాకార చక్రము దాగియుండును. గొలుసు లంకెల క్రింది కొనలు దాని పండ్ల సందులలో కూర్చుండును. గాడి వెడల్పు 1.3 మొదలు 1.6 మిల్లీమీటర్లే గనుక చక్రమును అంత పలుచగానే ఇమిడ్చిరి. నేడు ఎక్కువ వాడుకలోనున్నది ఇదియే. నేర్పు మెచ్చదగినదే, కాని ఆ సన్నని ఇరుసువద్ద గ్రీజు ఎండినను, ఇసుక చేరినను చక్రము బిగుసుకొనును. అప్పుడు ఈ కొత్త ముక్కు స్టెల్లైటు లేని గట్టి ముక్కుతో సమానమగును.

ఇంతవరకు శక్తి, అరుగుదల. అసలు తీర్పు మనిషి ప్రాణమును బట్టి చెప్పవలెను. తిరుగుచున్న ముక్కు పైభాగము కొయ్యకు తగిలినచో పన్ను మితిమీరి లోతుగా కరచి ఆగిపోవును. గొలుసునందలి ద్రవ్యవేగము రంపమంతటిని పైకి, కోయువాని ముఖమువైపునకు త్రిప్పివేయును. ఈ ఎదురుతన్ను రెప్పపాటులో ముగియును. జాగ్రత్తపడు వ్యవధి ఉండదు. ముక్కు ఎంత పెద్దదో ఈ అపాయస్థానమంత పెద్దది. అరుగుదలకు మేలుచేసిన పెద్ద వ్యాసార్ధమే ఇచట శత్రువు. ఒకప్పుడు అమెరికా దక్షిణ రాష్ట్రములలో కాగితపు కలప కోతకు వాడిన విల్లువంటి పట్టీలు ఎదురుతన్నులకు పేరుపడి మూలబడినవి. పాత ముక్కులను పొగడువారు ఈ మాట మరువరాదు.

సత్తెనపల్లికిని పిడుగురాళ్ళకును నడుమనున్న రాజుపాలెము వంటిచోట వేప, తుమ్మ, సుబాబుల్ కోయువారికి ఈ విచారణ ఉత్త పాండిత్యము కాదు. పిడుగురాళ్ళ సున్నపురాయి దుమ్ము మెత్తనిది; అందలి కాల్సైటు మోస్ కొలతలో 3 మాత్రమే. అది ఉక్కును గీయలేదు గాని, నూనెతో కలసి ముద్దయై గాడిని పూడ్చగలదు. ఇసుకలోని క్వార్ట్జు కొలత 7. అది ఉక్కునే అరగదీయును. మట్టి అంటిన మొదళ్ళు కోయువానికి గట్టి ముక్కు నేటికిని తగినదే. శుభ్రమైన దుంగలు కోయువానికి, ముఖ్యముగా పని కొత్తవానికి, చిన్న వ్యాసార్ధముగల పండ్ల చక్రపు ముక్కు శ్రేష్ఠము. ఏది కొన్నను, వాడుకకు వచ్చి దశాబ్దములైన గొలుసు బ్రేకు లేని పాత రంపమును చౌక అని కొనుట మాత్రము చౌక కాదు.

తరగతిలో ఘర్షణ పాఠము చెక్కదిమ్మతో మొదలై చెక్కదిమ్మతోనే ముగియుట కద్దు. ఉపాధ్యాయులు ఈ లెక్కను ఇచ్చి చూడవచ్చును: లంకెల నడుమ దూరము 19.05 మిల్లీమీటర్లైనచో, 11 పండ్ల ముక్కు వ్యాసార్ధమెంత? 7 పండ్లదెంత? సుమారు 33, 21 మిల్లీమీటర్లని విద్యార్థులు తేల్చుదురు. ఆ 12 మిల్లీమీటర్ల తేడాలో ఒకవైపు ఉక్కు ఆయుస్సు, వేరొకవైపు మనిషి ఆయుస్సు ఉన్నవని గ్రహించిన విద్యార్థి యంత్రమును విమర్శింప నేర్చినవాడగును.