క్రీడాభిరామంలో ఓరుగల్లు: చూపిన నగరం, చూపే కన్ను

వ్యాససంగ్రహం:
వినుకొండ వల్లభరాయని క్రీడాభిరామాన్ని కాకతీయుల నాటి సాంఘికచరిత్రకు ఆకరంగా వాడుకోవడం మనకు అలవాటు. అది ఇద్దరు విటులు ఒక పగలంతా ఓరుగల్లు వీథులు తిరుగుతూ చూసిన, చూపించిన దృశ్యాల వరుస అన్న సంగతి ఆ అలవాటులో మరుగున పడుతున్నది. ఈ కృతిని మధ్యయుగ నగరంలో ఒక దారిచూపరి వెంట సాగిన నడకగా చదివితే పద్యాల సాక్ష్యం విలువ ఎక్కడ పెరుగుతుందో, ఎక్కడ తగ్గుతుందో ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలకపదాలు: క్రీడాభిరామం, వీథి, ఓరుగల్లు, మాచల్దేవి, చిత్రశాల, నగరవర్ణన.

1. ఉపోద్ఘాతం

కాకతీయుల నాటి జనజీవనం మీద వ్యాసం రాసే పరిశోధకుడు క్రీడాభిరామాన్ని తాకకుండా ముందుకు పోలేడు. పూటకూటి ఇంటి భోజనం కావాలన్నా, కోడిపందెం కావాలన్నా, ఏకవీర గుడి కావాలన్నా, పలనాటి వీరగాథను వీథిలో పాడే ఆచారం కావాలన్నా ఈ చిన్న కృతే దిక్కు. సురవరం ప్రతాపరెడ్డి 1949లో వెలువరించిన ఆంధ్రుల సాంఘిక చరిత్రలో ఈ పద్యాలకు దక్కిన స్థానం అందరికీ తెలిసినదే. రాజుల యుద్ధాలను పక్కన పెట్టి ప్రజల తిండీ బట్టా వినోదాలూ చరిత్ర అని చాటిన ఆ మహానుభావునికి ఇది పెన్నిధిగా కనిపించడం సహజం. ఆయన తర్వాత వచ్చినవారిలో పలువురు ఆయన ఎంపిక చేసిన పద్యాలనే మళ్ళీ మళ్ళీ ఉదాహరిస్తూ వచ్చారు. పద్యం ఉంటుంది, దాని కింద కాకతీయుల కాలంలో ఇలా ఉండేదన్న వాక్యం ఉంటుంది. ఆ పద్యం ఎవరు ఎవరితో అన్నారో, ఎక్కడ నిలబడి అన్నారో ఉండదు.

నా విచారణ ఆ లోపం దగ్గర మొదలవుతుంది. ఇది నగరవర్ణన చేసిన ప్రబంధం కాదు. ప్రబంధకవి పురాన్ని పైనుంచి చూస్తాడు. కోట, అగడ్త, మేడలు, చతుర్వర్ణాలు, ఏనుగులు, గుర్రాలు అన్న వరుసలో అష్టాదశవర్ణనల లెక్క తీరుస్తాడు. ఏకామ్రనాథుని ప్రతాపరుద్రచరిత్రము ఇంకో దారి పట్టి, ఓరుగల్లులో ఏ వృత్తివారి ఇళ్ళు ఎన్నో లెక్క చెబుతుంది. క్రీడాభిరామం ఈ రెండు పనులూ చేయదు, అది నడుస్తుంది. నడిచేవానికి నగరమంతా ఒక్కసారి కనపడదు. మలుపు తిరిగితేనే తర్వాతి దృశ్యం.

2. వీథి అనే రూపకం, వీథి అనే తోవ

దశరూపకాలలో వీథి ఒకటి. ఒకే అంకం, ఒకరు లేక ఇద్దరు పాత్రలు, శృంగారం, కైశికీవృత్తి దీని లక్షణాలని లాక్షణికులు చెప్పారు. భాణానికి ఇది దగ్గరి చుట్టం. భాణంలో ఒంటరి విటుడు నగరవీథిలో నడుస్తూ, కనిపించని వారితో మాట్లాడుతూ, వారి జవాబులను తానే తిరిగి పలుకుతూ ఊరంతా మన కళ్ళకు కట్టిస్తాడు. చతుర్భాణిలో శూద్రకునిదిగా చెప్పే పద్మప్రాభృతకం ఉజ్జయినిలోనూ, వరరుచిదిగా చెప్పే ఉభయాభిసారిక పాటలీపుత్రంలోనూ ఇలాగే నడుస్తాయి. ఆ చతుర్భాణిని 1922లో లోకానికి అందించిన సంపాదకులలో ఒకరైన మానవల్లి రామకృష్ణకవే క్రీడాభిరామాన్ని కూడా తొలిసారి ముద్రించినవాడు కావడం గమనించదగిన విషయం. ఆయన చేతిమీదుగానే ఈ రెండూ వెలుగు చూసినా, వీటిని పక్కపక్కన పెట్టి చదివే పని మన విశ్వవిద్యాలయాలలో జరగవలసినంత జరగలేదు.

వల్లభరాయని కృతిలో తిరిగేవారు ఇద్దరు. గోవింద మంచనశర్మ బ్రాహ్మణుడు, టిట్టిభసెట్టి వైశ్యుడు. లకుముకి వంటి చిన్న పిట్ట కాదుగాని, టిట్టిభమూ నీటి అంచున కూస్తూ తిరిగే పక్షే. ఆ పేరులోనే హాస్యం ఉంది. ఒకడు చూపిస్తాడు, ఒకడు చూస్తాడు. అదిగో అని చెయ్యి చాపడం, మిత్రుణ్ణి సంబోధించి చూడుమనడం, చూసినదాన్ని గురించి ఒక చమత్కారం విసిరి ముందుకు కదలడం, ఇదీ కృతి పొడుగునా కనిపించే తీరు. ఈనాడు ఏ చారిత్రక స్థలంలోనైనా గుంపును వెంటబెట్టుకొని నడిచే గైడు మాట తీరు కూడా ఇంచుమించు ఇదే.

అయితే ఒక చిక్కు ఉంది. ఈ విటులిద్దరూ ఓరుగల్లుకు చెందినవారే. ఊరివాడు ఊరివాడికి ఊరు చూపించవలసిన పని ఏమిటి? ఆ చూపడం టిట్టిభసెట్టి కోసం కాదు, ఎదుట కూర్చున్న ప్రేక్షకుల కోసం. ఊరు ఎరుగనివారు వారే. మంచనశర్మ వేలు సెట్టి భుజం మీదుగా ప్రేక్షకుల వైపు చాచి ఉన్నది. ఈ సంగతి తర్వాత మళ్ళీ అక్కరకు వస్తుంది.

3. ఏది చూపాడు, ఎలా చూపాడు

ఆ పగటి నడకలో వచ్చేవి: సంత, పూటకూళ్ళ ఇల్లు, దేవతల గుళ్ళు, మైలారుదేవుని భటుల ఘోరసాహసాలు, గొరగపడుచుల ఆట, పొట్టేళ్ళ పోరు, కోళ్ళ పోరు, పాములవాడు, వేశ్యవాటిక. రాజు ఇందులో పాత్ర కాడు. ఓరుగల్లు అనగానే మనకు తోచే రాచకొలువు ఇక్కడ వీథికి వెనుక ఎక్కడో ఉన్నది.

పూటకూటి ఇంటి పద్యాన్ని తీసుకుందాం. లక్ష్మణవజ్ఝల ఇంట ఒక రూక ఇస్తే కప్పురభోగి బియ్యపు అన్నం, గోధుమపిండివంట, నెయ్యి, పెరుగు మొదలైనవాటితో భోజనం దొరుకుతుందని అందులో ఉంది. దీన్ని ఆనాటి ధరల పట్టికగా ఎత్తి రాసినవారున్నారు. కాని ఇది భోజనప్రియుడు మిత్రుణ్ణి ఊరిస్తూ చెప్పిన మాట. ఊరు చూపేవాడు మంచి భోజనశాలను పొగడకుండా ఉండడు. రూకకు అంత భోజనం రావడం సాధారణమా, లేక అక్కడ మాత్రమే అంత చవకగా దొరుకుతుంది కనుకనే ఆ ఇంటి పేరు చెప్పాడా? పద్యం రెండో అర్థానికే ఎక్కువ చోటిస్తున్నది. ఇంటివారి పేరు పట్టి చెప్పడం విశేషాన్ని చెప్పడమే కాని సామాన్యాన్ని చెప్పడం కాదు. బజారులో ఇల్లు పెట్టి డబ్బు తీసుకొని అన్నం పెట్టే వ్యవస్థ ఉన్నదనడానికి మాత్రం ఇది గట్టి సాక్ష్యమే. పరిశోధకుడు తీసుకోవలసింది ఆ వ్యవస్థను. ధరను తీసుకోవాలంటే శాసనాల తోడు కావాలి.

స్త్రీల విషయంలో ఈ జాగ్రత్త మరింత అవసరం. విటుని కన్ను వీథిలో మొదట పట్టుకునేది స్త్రీ శరీరాన్నే. అమ్ముకునే స్త్రీ అయినా, మొక్కు తీర్చుకునే స్త్రీ అయినా ఆ కన్ను నుంచి తప్పించుకోదు. మనం ఈ పద్యాల నుంచి కట్టుబొట్టుల వివరాలు ఏరుకొని, ఆ చూపును మాత్రం కడిగివేసి, నాటి స్త్రీల వేషధారణ అన్న శీర్షిక కింద పేర్చుతున్నాము. పాఠ్యగ్రంథాలకు పద్యాలు ఏరేవారు శృంగారం ముదిరిన వాటిని వదిలిపెట్టడం ఇంకో తీరు కడగడం. రెండింటి ఫలితం ఒకటే, చూసినవాడు మాయమవుతాడు. ఆ స్త్రీ కష్టం చేసి బతుకుతున్నదన్న సంగతి విటునికి పట్టలేదు. మనకైనా పట్టాలంటే ముందు అతని చూపు అక్కడ ఉన్నదని ఒప్పుకోవాలి.

దీనికి మినహాయింపు పలనాటి వీరుల కథ పాడే పడతి. ఆమె దగ్గరకు వచ్చేసరికి పద్యం నడకే మారిపోతుంది. వాద్యపు మోత, తాళపు వేగం, గొంతు ఒడుపు పద్యంలోకి దిగుతాయి. ఆమె అందాన్ని చెప్పకపోలేదు, కాని ఆ అందం పాటకు లోబడి ఉన్నది. కాసేపు విటుడు వినేవాడయ్యాడు. పలనాటి గాథ గానరూపంలో ప్రచారంలో ఉన్నదనడానికి ఈ పద్యాన్ని ఉదాహరిస్తాము, అది సరైనదే. అంతకన్న విలువైనది, వీథిలో పాడే ఒక స్త్రీ కళను మార్గకవి తన ఛందస్సులో పట్టుకోజూసిన ప్రయత్నం. ఈ కృతి మొత్తంలో నాకు ఎక్కువ ఇష్టమైన చోటు ఇదే.

4. మాచల్దేవి ఇంట

ప్రతాపరుద్రుని వేశ్యగా చెప్పిన మాచల్దేవి చిత్రశాలా ప్రవేశం ఈ నడకలో కీలకమైన మజిలీ. దారుకావనంలో శివుడు, గోపికలతో కృష్ణుడు, అహల్యతో ఇంద్రుడు, తారతో చంద్రుడు, మేనకతో విశ్వామిత్రుడు ఆ గోడల మీద ఉన్నారు. కళాచరిత్రకారులు దీన్ని మధ్యయుగాంధ్ర చిత్రకళకు సాక్ష్యంగా చూపుతారు. నడకగా చదివేవానికి ఇంకో విశేషం కనిపిస్తుంది. అంతవరకు వీథిలో అందరినీ చూస్తూ వచ్చినవారు ఇక్కడ ఒక స్త్రీ గడప తొక్కి, ఆమె ఏర్చి కూర్చిన బొమ్మలను చూడవలసి వచ్చింది. ఏ కథలు గోడకెక్కాలో నిర్ణయించిన ఇల్లు ఆమెది. దేవతలూ ఋషులూ కట్టు తప్పిన ఘట్టాలే ఆ కథలు. విటులకు అవి ఊరట కావచ్చు. వేశ్య ఇంటి గోడ మీద అవే బొమ్మలు నీతులు చెప్పే లోకానికి జవాబు కూడా అవుతాయి. కవి ఈ రెండో అర్థాన్ని ఉద్దేశించాడని రుజువు చేయలేము. ఆ వరుసలో ఉన్న వ్యంగ్యాన్ని మాత్రం కాదనలేము.

5. ఇది ఎప్పటి ఓరుగల్లు?

ఓరుగల్లు 1323లో పడిపోయింది. ఢిల్లీ పాలకులు దానికి సుల్తాన్‌పూర్ అని పేరు పెట్టారు. వల్లభరాయడు ఆ తర్వాత కొన్ని తరాలకు రాసినవాడని సాహిత్యచరిత్రకారుల నిర్ణయం. ఆయనకు మూలం రావిపాటి త్రిపురాంతకుని సంస్కృత ప్రేమాభిరామం, అది మనకు దక్కలేదు. వేటూరి ప్రభాకరశాస్త్రి ఈ కృతి శ్రీనాథునిదని వాదించారు. ఆ వాదాన్ని అంగీకరించినా కాలం వెనక్కి జరగదు. అంటే ఒక పద్యంలోని వివరం మూలం నుంచి వచ్చిందా, తెలుగు కవి తన కాలపు పట్టణాలను చూసి చేర్చాడా అన్నది పద్యం పద్యానికి తేల్చవలసిన ప్రశ్న. దానికి చేతిలో మూలం లేదు. కాకతీయుల కాలంలో అని మనం ధీమాగా రాసే ప్రతి వాక్యం ఈ లేని పుస్తకం మీద ఆనుకొని ఉన్నది.

తెలుగు కవిదేనని చెప్పగల చోటు ఒకటి ఉంది. ప్రస్తావనలో నటులది దోరసముద్రమనీ, విటులది ఓరుగల్లనీ, కవిది వినుకొండ అనీ చెప్పి మూడు ఊళ్ళను ముడివేసిన ప్రసిద్ధమైన పద్యం. వినుకొండ పేరు ఉన్నది కనుక ఇది త్రిపురాంతకునిది కాజాలదు. దీన్ని చమత్కారంగా మెచ్చుకొని వదిలివేస్తున్నాము. ఆ మూడు పేర్లను మళ్ళీ చూడండి. దోరసముద్రం హొయసలుల రాజధాని, 1311లో మాలిక్ కాఫూర్ దండు అక్కడికి చేరింది, ఆ శతాబ్ది నడిమికల్లా ఆ రాజ్యమే లేదు. ఓరుగల్లు కథ తెలిసిందే. రాజ్యం పోయిన నగరం నుంచి నటులు వచ్చి, రాజ్యం పోయిన మరో నగరపు విటుల వేషం కడుతున్నారు. ఈ రెంటినీ కలిపినవాడు వినుకొండలో ఉన్నాడు. దోరసముద్రం నటుల పేరుప్రతిష్ఠల వల్ల మాత్రమే ఆ ఊరి పేరు వచ్చిందని ఎవరైనా అంటే కాదనలేను. అయినా ఆ రోజుల ప్రేక్షకునికి ఆ రెండు పేర్లు ఒక్క పద్యంలో వినపడినప్పుడు నవ్వు ఒక్కటే కలిగి ఉంటుందని అనుకోలేను.

ఊరివాడు ఊరివాడికి ఊరు చూపించడంలోని చిక్కు ఇక్కడ విడుతుంది. ప్రేక్షకులు వెళ్ళి చూడలేని ఓరుగల్లును వారికి చూపాలి. అందుకే అంత పేర్లు పట్టి చెప్పడం, అంత గడబిడ, అంత వర్తమానకాలం. నగరనాశనం గురించి ఒక్క మాట లేకపోవడాన్ని కవి ఉదాసీనత అనుకోనక్కరలేదు. మంచనశర్మ తిరిగే ఊళ్ళో ఆ సంగతి ఇంకా జరగలేదు.

6. నేటి నడక

ఇప్పుడు వరంగల్లు కోటలో తిరిగే సందర్శకునికి ఎదురయ్యేది వేరే నగరం. గణపతిదేవుడు ఆరంభించగా రుద్రమదేవి పూర్తి చేసిందని చెప్పే రాతికోట, దాని వెలుపల అగడ్త, మట్టికోట, నడుమ స్వయంభూశివాలయపు శిథిలాలు, నాలుగు దిక్కులా నాలుగు తోరణాలు. గుడి కూలింది, తోరణాలు నిలిచాయి. 2014లో ఆ తోరణం తెలంగాణ రాజముద్రలోకి ఎక్కింది. కొంచెం దూరంలో ఖుష్ మహల్. దీన్ని షితాబ్ ఖాను పేరుతో ముడిపెట్టడం వాడుక. ఫిలిప్ వాగనర్, జాన్ హెన్రీ రైస్ పరిశోధన దాన్ని తుగ్లకుల నాటి సభామందిరంగా నిరూపించింది. అంటే 1323 తర్వాతి సుల్తాన్‌పూర్ కూడా ఆ నడకలో ఉన్నది, పేరు చెప్పకుండానే.

రాయి నిలిచిన చోట్లకే ఈ నడక పోగలదు. సంతకూ, పూటకూటి ఇంటికీ, మాచల్దేవి గోడకూ రాయి మిగలలేదు. క్రీడాభిరామ పద్యాలను పలకల మీద చెక్కించి కోటలో అక్కడక్కడ నిలబెట్టాలన్న ప్రతిపాదన సాహిత్యసభలలో వినవస్తుంటుంది. ఏ పద్యాన్ని ఎక్కడ నిలబెడతారు? మైలసంత ఏ దిక్కున ఉండేది, మొహరివాడ ఏ గోడను ఆనుకొని ఉండేది, వెలిపాళెం ఎక్కడిదాకా సాగేది అన్నవి ముందు తేలాలి. కృతిలోని స్థలనామాలన్నిటినీ అవి వచ్చిన వరుసలో, ముందు ఏది వెనుక ఏది అన్న గుర్తుతో ఒక పట్టికగా రాసి, కాకతీయ శాసనాలలోని వాడల పేర్లతోనూ, కోటలోపలి నేటి ఊరి పెద్దలు చెప్పే పేర్లతోనూ సరిచూడడం ఒక పరిశోధక విద్యార్థి చేయదగిన పని. అందులో ఎన్ని పేర్లు నేల మీద దిగుతాయో, ఎన్ని గాలిలో నిలుస్తాయో ఆ పట్టిక తయారైతే గాని చెప్పలేము.