ఏరివేతలోని పనితనం

2007 జూన్ 7న ‘నేచర్’ పత్రికలో ఏడు జబ్బుల జన్యు మూలాలు వెతికిన ఒక పరిశోధనా పత్రం వచ్చింది. దాని మాట వస్తే అందరూ అది పట్టిచ్చిన జన్యుస్థానాల సంఖ్య చెబుతారు: 24. నాకు మాత్రం పరిశోధకులు పారేసిన వాటి లెక్కే ముచ్చటగా ఉంటుంది.

బ్రిటన్‌లో యాభైకి పైగా పరిశోధక బృందాలు వెల్‌కమ్ ట్రస్ట్ అండతో, పీటర్ డానెలీ సారథ్యంలో చేసిన పని ఇది. ఆ ఏడు జబ్బులు ఇవి: గుండె ధమనుల జబ్బు, రక్తపోటు, రెండు రకాల మధుమేహం, రుమటాయిడ్ కీళ్లవాతం, క్రోన్స్ అనే పేగుల జబ్బు, బైపోలార్ అనే మానసిక రుగ్మత. ఒక్కోదానికి సుమారు 2,000 మంది రోగులు. జబ్బుకో పోలిక జట్టును వెతుక్కోకుండా ఏడింటికీ కలిపి ఒకే 3,000 మందిని పెట్టుకున్నారు. వాళ్లలో సగం 1958 మార్చిలో ఒకే వారంలో పుట్టినవాళ్లు, సగం రక్తదాతలు. ముందు ఈ రెండు సగాలనే ఒకదానితో ఒకటి పోల్చారు. చెప్పుకోదగ్గ తేడాలు లేవని తేలాకే కలిపారు. సరుకు తూచే ముందు ఖాళీ తక్కెడ చూసుకున్నట్టన్నమాట.

అసలు పనితనం చుక్కల దగ్గర ఉంది. జన్యువులను చదివే చిప్ ఒక్కొక్కరి డీఎన్‌ఏలో సుమారు 5 లక్షల చోట్లు చదువుతుంది. ప్రతి చోటా ఉన్న డీఎన్‌ఏ అక్షరాల జతను బట్టి మనుషులు మూడు రకాలు. గ్రాఫులో చుక్కలు మూడు గుంపులుగా విడివిడిగా పడాలి. చదవడంలో తడబడితే గుంపులు ఒకదాంట్లోకి ఒకటి పాకుతాయి. ఆ తడబాటు రోగుల్లో ఒకలా, మిగతావాళ్లలో మరోలా ఉందా, కంప్యూటర్ దాన్నే గొప్ప సంబంధంగా లెక్కగడుతుంది. అందుకని పైకి తేలిన వాటి గ్రాఫులను మనుషులే కూర్చుని కళ్లతో పరిశీలించారు. 809 నమూనాలు కూడా పోయాయి: కలుషితమైనవి, తారుమారైనవి, బంధువులవి, ఐరోపాయేతర మూలాలున్నవారివి. ఆఖరిది లెక్కకు న్యాయమే, వంశమూలాల తేడా జబ్బు తేడాగా కనిపించే ప్రమాదముంది. కానీ ఫలితం ఎవరికి వర్తిస్తుందన్నదీ అక్కడే కుంచించుకుపోయింది.

గీత కూడా కఠినంగానే గీశారు: అంత తేడా కేవలం యాదృచ్ఛికంగా కనిపించే అవకాశం ఇరవై లక్షల్లో ఒక వంతు కన్నా తక్కువ ఉండాలి. క్రోన్స్‌కు 9 స్థానాలు దాన్ని దాటాయి. రక్తపోటుకు ఒక్కటీ దాటలేదు. ఆ సున్నాను మిగతా ఆరింటి పక్కనే దాచకుండా అచ్చువేశారు. పోలిక జట్టులో బీపీ ఉన్నవాళ్లను ముందే ఏరేయలేదని, వాళ్లు కలిసిపోవడం వల్ల తేడా పలచబడి ఉండొచ్చని కూడా రాశారు. 2009లో మరింత పెద్ద జట్లు ఒకటి 34 వేల మందితో, ఇంకొకటి 29 వేల మందితో వచ్చి, రోగులా కాదా అని విడగొట్టడం మాని బీపీ అంకెనే తీసుకుని చూశాయి. రక్తపోటు స్థానాలు అప్పుడు దొరికాయి.