శరత్కాలపు శ్రుతి

రెల్లు పూచుటయు, ఆకాశము తేటపడుటయు, కృష్ణా డెల్టాలో వరి పొట్టకు వచ్చుటయు శరత్తునకు లోకమెఱిగిన గుర్తులే యైనను, తంబురా ముందు కూర్చుండువానికి ఋతువు మాఱిన వార్త మొదట బిరడాల కడనే తెలియును. ఒకనాటి యెండకు బిగిసి, మఱునాటి ముసురుకు ఉబ్బు పనసకొయ్య, నిన్నటి శ్రుతిని నేటికి నిలుపజాలదు.

అందుచే ఆశ్వయుజమున నా సాధనలో సగము శ్రుతి కలుపుటతోనే గడచును. పంచమమును, సారణులు రెండింటిని, మంద్రషడ్జమును వరుసగా మీటుచు, ముందు బిరడాను, పిమ్మట పూసను సవరించి, తుదకు తీగ క్రింది నూలుపోగును వెండ్రుకవాసి జరుపగా, ఒక్కచోట నాదము విచ్చుకొని, ఏ తీగయందును కట్టని అంతరగాంధారము మంద్రషడ్జమునుండి తనంత తానే పలుకును. అది వినబడువఱకు నోరు విప్పరాదని మా గురువుగారి ఆజ్ఞ.

1948లో విజయవాడ ఆకాశవాణి కేంద్రము వెలసిన పిమ్మట తెలుగిండ్ల ప్రభాతములకు అలవాటైన భక్తిరంజని కీర్తనలను నేడు విన్నను, బృందగానమందలి కంఠములన్నియు వేర్వేరుగా గుర్తుపట్టవచ్చును. అయినను అవి యన్నియు ఒకే షడ్జమును ఆశ్రయించి నిలుచును. ఎన్నిమార్లు విన్నను ఆ పాటలు నాకు పాతబడకుండుటకు కారణమిదియే.

ఈ ఋతువుననే, గాంధీజయంతినాడు, మా యూర గ్రామసభ కూడును. 1959 అక్టోబరులో షాద్‌నగరమున నెహ్రూగారు నాటి ఉమ్మడి రాష్ట్రమునందు పంచాయతీరాజ్యమును ప్రారంభించిరి. 1993లో అమలునకు వచ్చిన 73వ సవరణ గ్రామసభకు రాజ్యాంగమున స్థానమిచ్చెను. ఇంత గౌరవముగల సభలో, కాలువ శివారు రైతు తన చేనికి తడి యందలేదని చెప్ప మొదలిడినంతనే, అతడు ఏ పార్టీవాడను విచారణ బయలుదేఱి, నీటి మాట మఱుగున పడుచుండుట నన్ను మిక్కిలి బాధించును.

అభిప్రాయములు వేఱుగా నుండుట దోషము కాదు. ఆధారషడ్జము లేకుండ అందఱు ఒక్కమాఱు గొంతెత్తుటయే దోషము. పొట్టమీదనున్న వరికి నీరు తప్పినచో కంకి తాలుపోవుననుట ఎగువవాడును, దిగువవాడును, అన్ని పార్టీలవారును ఎఱిగిన సత్యము. సభ ఆ సత్యముతో ఆరంభము కావలెను. సర్పంచిగారు మొదటి మాట శివారు రైతున కిచ్చి, అతడు ముగించువఱకు తక్కినవారిని ఆలకింపజేసినచో, వంతులవారీ నీటి లెక్క తేల్చుట ఆనాటికానాడే సాధ్యమగును.