భయము లేని కాన్పు - ఒక గ్రంథ పరిశీలన

గ్రాంట్లీ డిక్-రీడ్ అను ఆంగ్ల వైద్యుని గ్రంథము 1942లో వెలువడి, తరువాత 'చైల్డ్‌బర్త్ వితౌట్ ఫియర్' అను పేర ప్రసిద్ధి కెక్కినది. గర్భిణులకు ముందుగా పాఠములు చెప్పు పద్ధతికి బాట వేసిన గ్రంథములలో ఇది యొకటి. భయముచే కండరములు బిగియును. బిగువు నొప్పిని హెచ్చించును. నొప్పి మరల భయమును పెంచును. కావున ఊపిరి తీయు విధము, ఒడలు సడలించు విధము ముందే నేర్పవలెనని ఆయన వాదము.

ఇందు సగమే నిజము. గర్భాశయము ముకుళించునపుడు, దాని ముఖము విచ్చుకొనునపుడు ధైర్యవంతురాలికిని నొప్పి తప్పదు. నొప్పికి ఓర్వలేని యామెను పిరికిదనుట అన్యాయము.

గ్రంథములో గట్టి మాట వేరొకటి కలదు: నొప్పుల వేళ స్త్రీని ఒంటరిగా విడువరాదు. 26 ప్రయోగములను, 15 వేలకు పైబడిన స్త్రీలను లెక్కించిన 2017 నాటి కాక్రేన్ సమీక్ష దీనినే బలపరచినది. ఎడతెగని తోడున్నచో సిజేరియన్లు తగ్గినవి. పాఠముల ఫలితమును గూర్చి 2007 నాటి సమీక్ష ఏమియు తేల్చలేకపోయినది.

మరి ఉంగుటూరు ప్రాంతమున ఆ తోడెవరు? తొలిచూలాలిని పుట్టింటికి తీసికొనిపోవుట ఇచ్చటి వాడుక. అత్తవారి యూరిలో నర్సు చెప్పిన మాటలు విన్నది కోడలు; కొల్లేటి లంకలో ఆమె ప్రక్కనుండునది కన్నతల్లి. ఉమ్మనీరు పోయినను "ఇంకను వ్యవధి యున్నదిలే" అనగలది ఆ తల్లియే. ఆమెకు పాఠము చెప్పినవారు లేరు. 108కు ఫోను చేయవలసిన అల్లునికిని అంతే! ప్రసవపు గదిలో స్త్రీబంధువు ఒకరు తోడుండవచ్చునని భారత ప్రభుత్వము 2016లోనే సూచించినది. కాన్పు అనుభవమున్న స్త్రీయైన మేలనియు చెప్పినది. ఆ అనుభవము అమ్మకు కలదు. ముప్పు గుర్తులే ఆమెకు తెలియవలసియున్నవి.